వానాకాలంలో చెదిరిపోతున్న .30-06: బ్యారెల్ మార్చే ముందు చూడాల్సినవి

అడిగింది క్లుప్తంగా ఇదీ. నల్లగొండ వైపు ఒకరి దగ్గర మౌజర్ 98 తరహా యాక్షన్ (బ్యారెల్ వెనక, తూటాను ఎక్కించి మూసే ఉక్కు భాగం) ఉన్న పాత .30-06 (తూటా కొలత పేరు) స్పోర్టింగ్ రైఫిల్ ఉంది. వాల్‌నట్ చెక్క కుందా, 4 రెట్ల స్కోప్. జనవరిలో రేంజ్ మీద 100 మీటర్లకు ఐదు రౌండ్లు 50 మి.మీ. లోపలే పడ్డాయి. ఎన్నికల కోడ్ రాగానే స్టేషన్‌లో డిపాజిట్ చేసి, తిరిగి తెచ్చుకుని ఆగస్టులో కాలిస్తే అవే తూటాలకు గ్రూప్ (తూటాలు పడ్డ గుంపు వెడల్పు) 95 మి.మీ. అయింది. మొదటి రెండు పక్కపక్కనే పడుతున్నాయి, మూడోదాని నుంచి వరుసగా పైకి, ఎడమకు జరుగుతున్నాయి. "బ్యారెల్ పోయింది, కొత్తది వేయించుకో" అని ఎవరో చెప్పారట. నిజమేనా అన్నది ప్రశ్న.

కాదన్నా. అరిగిన బ్యారెల్ ఇలా చెయ్యదు. రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాడులు) అరిగినా, అది మొదలయ్యే గొంతు దగ్గర కాలిపోయినా తూటాలు నాలుగు దిక్కులకూ పోతాయి, చల్లగా ఉన్నప్పుడు కూడా పోతాయి. మీకు మొదటి రెండు దగ్గరగా పడుతున్నాయి, తర్వాతివి ఒకే దిక్కుకు నడుస్తున్నాయి. అంటే బ్యారెల్ వేడెక్కి సాగుతున్నప్పుడు దాన్ని ఏదో ఒక పక్క నుంచి నెడుతోంది. పైకీ ఎడమకూ పోతోందంటే తగులుతున్న చోటు ఫోర్ఎండ్‌లో (బ్యారెల్ కింద ఉండే కుందా ముందు భాగం) కింద, కుడి వైపు ఉండే అవకాశం ఎక్కువ. పైగా .30-06 బ్యారెల్ అరగాలంటే వేల రౌండ్లు కాల్చాలి. మన దగ్గర లైసెన్స్ మీద ఏడాదికి ఇచ్చే కోటాతో అంత కాల్చడం చాలామందికి ఒక జీవితంలో సాధ్యం కాదు. జనవరికి, ఆగస్టుకు మధ్య మారింది ఉక్కు కాదు, చెక్క.

పనిలోకి దిగే ముందు చట్టం సంగతి. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం ఫైర్ఆర్మ్ రిపేరు, మార్పు, టెస్టింగ్ చేసేవాళ్ళకు దానికి తగిన లైసెన్స్ ఉండాలి. మీ దగ్గర ఉన్నది ఆయుధం ఉంచుకునే లైసెన్స్ మాత్రమే. బ్యారెల్‌ను పొట్టి చెయ్యడం గురించి సెక్షన్ 6 విడిగా చెబుతుంది. క్రౌన్ (బ్యారెల్ మూతి అంచు) కొత్తగా కొట్టించడానికి మూతి దగ్గర కొంచెం కోసినా అది ఆ కిందికి వస్తుంది, కాబట్టి ఊళ్ళో లేతు మిషన్ షాపుకు రైఫిల్ తీసుకుపోవద్దు, ఆ మిస్త్రీ ఎంత పనిమంతుడైనా సరే. శుభ్రం చెయ్యడం, కొలవడం, స్క్రూల బిగువు చూసుకోవడం మీ పని. కింద చెప్పిన చెక్క పని, ఉక్కు పని లైసెన్స్ ఉన్న ఆర్మరర్ చెయ్యాలి. ఇచ్చేటప్పుడు తుపాకీ నంబరు రాసిన రసీదు తీసుకోండి. ఇంత వివరంగా రాస్తున్నది ఎందుకంటే, ఏం చేయించాలో తెలియకుండా "అక్యురసీ పెంచు" అని చేతిలో పెడితే అవసరం లేని పని జరిగి అవసరమైనది మిగిలిపోతుంది.

మొదట కొలత. మూడు రౌండ్ల గ్రూప్ చూసి తీర్పు చెప్పొద్దు. అదే రైఫిల్, అదే తూటా అయినా మూడు రౌండ్ల గ్రూప్ సగటున ఐదు రౌండ్ల గ్రూప్ కంటే సుమారు 20 శాతం చిన్నగా వస్తుంది. అందుకే "మూడింటికి అంగుళం" అనే మాటలు అంతగా వినిపిస్తాయి. ఐదేసి రౌండ్లతో కనీసం రెండు మూడు గ్రూపులు తీసి సగటు చూడండి. 100 మీటర్ల దగ్గర ఒక ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, కోణపు కొలత) అంటే 29 మి.మీ. మీ 95 మి.మీ. మూడు ఎంఓఏ దాటింది. ఈ తరహా పాత రైఫిల్, ఫ్యాక్టరీ సాఫ్ట్‌పాయింట్ తూటాతో 40 నుంచి 50 మి.మీ. వస్తే దాని మటుకు అది బాగా పనిచేస్తున్నట్టే. అంతకు మించి ఆశించి డబ్బు పొయ్యడం ఈ రైఫిల్ మీద దండగ.

రోగం తేల్చే పరీక్ష ఒకటుంది, ఖర్చు పది రౌండ్లు. ఐదు రౌండ్లను ఒక్కోదానికి ఐదారు నిమిషాలు ఆగి, బ్యారెల్ చేతికి చల్లగా తగిలేదాకా చూసి కాల్చండి. తర్వాత ఐదు రౌండ్లు నిమిషానికి ఒకటి చొప్పున. మొదటి గ్రూప్ గుండ్రంగా చిన్నగా వచ్చి, రెండోది పైకి నడిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, బ్యారెల్‌కు చెక్క తగులుతోంది. రెండూ ఒకేలా చెదిరితే స్కోపు, స్క్రూలు, క్రౌన్ వైపు చూడాలి. రైఫిల్‌ను ఆనించే ముందు వైపు ఇసుక సంచి మ్యాగజీన్‌కు కొంచెం ముందు, ఫోర్ఎండ్ కింద ఉండాలి. ఫోర్ఎండ్ చివర పెడితే సన్నని చెక్క వంగి మీరు వెతుకుతున్న రోగాన్నే కొత్తగా పుట్టిస్తుంది. బ్యారెల్‌ను నేరుగా సంచి మీద ఆనించడం అసలే వద్దు. మన ఎండలకు పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. ఆ తర్వాత నేల మీద నుంచి లేచే ఆవిరికి టార్గెట్ ఈదుతున్నట్టు కనిపిస్తుంది. తూటాల డబ్బా నీడలో ఉండాలి. ఎండలో కాగిన తూటాకు ప్రెషర్, వేగం రెండూ పెరుగుతాయి.

తర్వాత స్క్రూలు. వీటికి ఖర్చు లేదు గానీ అంగుళం-పౌండ్లు, న్యూటన్ మీటర్లు చూపించే చిన్న టార్క్ డ్రైవర్ ఉండాలి. స్కోప్ బేస్ స్క్రూలు 1.7 నుంచి 2.3 న్యూటన్ మీటర్లు, రింగు టోపీల స్క్రూలు 1.7 నుంచి 2. రింగులకు అంతకంటే బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోయి లోపలి అమరిక బిగుసుకుంటుంది. బేస్ తీసి అసిటోన్‌తో రెండు ముఖాలూ తుడిచి, స్క్రూ మరలకు నీలం లాక్‌టైట్ ఒక చుక్క పెట్టి బిగించాలి. ఎర్రది వాడితే మళ్ళీ ఊడదీయడానికి వేడి చెయ్యాల్సి వస్తుంది. బేస్ కింద నూనె పొర ఉంటే ఎంత బిగించినా .30-06 రికాయిల్‌కు (కాల్చినప్పుడు వెనక్కి తన్నే తాకిడికి) జరుగుతుంది. స్కోపే అనుమానం అయితే, మంచిదని తెలిసిన ఇంకో స్కోప్ పెట్టి కాల్చి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. స్టేషన్ మాల్‌ఖానాలో రైఫిళ్ళను ఒకదాని మీద ఒకటి ఆనించి ఉంచుతారు కాబట్టి తిరిగి వచ్చిన రైఫిల్ స్కోప్‌ను నమ్మకుండా ఇది తప్పక చూడండి.

ఇప్పుడు అసలు విషయం, కుందా.

చెక్క తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. నిలువునా దాదాపు ఏం మారదు, అడ్డంగా మారుతుంది. వాల్‌నట్‌లో తేమ 4 శాతం పెరిగితే 45 మి.మీ. వెడల్పున్న ఫోర్ఎండ్ అర మిల్లీమీటర్ దాకా పెరగగలదు. మే నెలలో నల్లగొండ, మహబూబ్‌నగర్ గాలి ఎంత పొడిగా ఉంటుందో, జూలై-ఆగస్టులో మూసిన గదిలో ఎంత చెమ్మ ఉంటుందో మీకు తెలుసు. ఆ తేడా అంతా కుందా తాగుతుంది. ఉబ్బడం రెండు పక్కలా ఒకే రకంగా ఉంటే ఇబ్బంది తక్కువ. కానీ చెక్క గీతలు వాలుగా ఉన్న కుందా మెలి తిరుగుతుంది, ఫోర్ఎండ్ ఒక పక్కకు ఒరుగుతుంది. బయట పాలిష్ అద్దంలా మెరుస్తున్నా తేమ లోపలి నుంచే వస్తుంది. బ్యారెల్ గాడి (కుందాలో బ్యారెల్ కూర్చునే చోటు), మ్యాగజీన్ కోత, బట్ ప్లేటు (భుజానికి ఆనే చివరి పలక) వెనక ముఖం చాలా పాత రైఫిళ్ళలో పచ్చి చెక్కగానే ఉంటాయి. ముఖ్యంగా బట్ ప్లేటు వెనక చెక్క నాళాలన్నీ తెరుచుకుని ఉంటాయి.

బ్యారెల్ గాడిలో సందు చూడటానికి ఫోర్ఎండ్ చివర నుంచి కాగితం పెట్టి యాక్షన్ దాకా జరపండి. ఎక్కడ ఆగిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. కాగితం కదిలితే చాలని కొందరు వదిలేస్తారు, అది చాలదు. కాగితం మందం 0.1 మి.మీ. మాత్రమే, వాన పడితే ఆ సందు మూసుకుపోతుంది. మన వాతావరణంలో చెక్క కుందాకు 1.5 మి.మీ. కావాలి. ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ., రెండు కలిపి పెట్టి జరిపితే కొలత అదే. గాడి పెంచడానికి బ్యారెల్ కంటే కొంచెం లావున్న గుండ్రటి కర్రకు 80 నంబరు గరుకు కాగితం చుట్టి, గుర్తు పెట్టిన చోట ఎక్కువగా, మిగతా చోట సమానంగా గీయాలి, తర్వాత 120. రెండు అంచులూ నిటారుగా ఒకే వెడల్పులో ఉన్నాయో లేదో మధ్యమధ్య చూస్తుండాలి. కళ్ళకు వంకర కనబడే కుందా ఎంత బాగా కాల్చినా అమ్మేటప్పుడు ధర పలకదు.

గాడి పెంచి ఊరుకుంటే సగం పనే. యాక్షన్ కింద చెక్క సరిగా ఆనకపోతే, బ్యారెల్‌కు సందు ఇచ్చాక ఒక్కోసారి గ్రూప్ ఇంకా పెద్దదవుతుంది. అప్పటిదాకా బ్యారెల్‌ను ఎత్తిపట్టిన చెక్కే యాక్షన్ ఊగకుండా కాపాడి ఉంటుంది. కాబట్టి గాడి గీయక ముందే యాక్షన్ ఆనిక చూడాలి. దానికి డయల్ గేజ్ పరీక్ష. గేజ్ స్టాండును బ్యారెల్‌కు పట్టించి, సూదిని ఫోర్ఎండ్ చివర చెక్క మీద ఆనించి, యాక్షన్‌ను కుందాకు బిగించే రెండు స్క్రూల్లో ముందుది వదులు చేసి ముల్లు ఎంత కదిలిందో చూడండి. మళ్ళీ బిగించి, వెనక స్క్రూతో అలాగే. 0.05 మి.మీ. లోపు కదిలితే ఆనిక బాగుంది. 0.12 దాటితే స్క్రూ బిగించిన ప్రతిసారీ యాక్షన్ విల్లులా వంగుతోందని అర్థం. వంగిన యాక్షన్‌లో బోల్ట్ లగ్గులు (బోల్ట్‌ను మూసి పట్టి ఉంచే చెవులు) సమానంగా ఆనవు, చెక్క తేమ మారినప్పుడల్లా వంపు మారుతుంది.

ఆనిక ఎక్కడుందో కళ్ళతో చూడాలంటే కాటుక చాలు. యాక్షన్ అడుగున, రికాయిల్ లగ్ (రికాయిల్‌ను కుందాకు చేర్చే, యాక్షన్ కింది ఉక్కు దిమ్మె) వెనక ముఖం మీద, వెనక తోక (యాక్షన్ వెనక సన్నని కొస) కింద పలుచగా పూసి, కుందాలో దించి బిగించి, నిట్టనిలువునా పైకి తీయండి. చెక్క మీద నల్లగా అంటిన చోట్లే భారం మోస్తున్నవి. కావాల్సింది మూడు చోట్ల: రిసీవర్ (బోల్ట్ జరిగే ఉక్కు గొట్టం) ముందు భాగం చదునైన అడుగు, రికాయిల్ లగ్ వెనక ముఖం మొత్తం, వెనక తోక కింద. పాత మౌజర్లలో సాధారణంగా లగ్ వెనక ఒక మూలే అంటి ఉంటుంది. కొన్నిటిలో లగ్‌కు అసలు మచ్చే ఉండదు, అప్పుడు రికాయిల్ అంతా తోక వెనక చెక్క మీద పడుతుంది. ఆ కుందా మణికట్టు (చేత్తో పట్టుకునే సన్నని చోటు) దగ్గర నెర్రె ఇవ్వడం ఖాయం. తోక వెనక చెక్కకు, ఉక్కుకు మధ్య 0.3 నుంచి 0.5 మి.మీ. సందు ఉండాలి. నెర్రె అప్పటికే కనిపిస్తుంటే బెడ్డింగ్ (యాక్షన్ సరిగ్గా ఆనేలా కుందాలో ఎపాక్సీ పోత పొయ్యడం) కంటే ముందు దాన్ని జిగురుతో, లోపలి పిన్నుతో బాగుచెయ్యాలి.

మౌజర్‌కే ప్రత్యేకమైనవి రెండున్నాయి, ఎక్కువ మంది మిస్త్రీలు పట్టించుకోనివి. వెనక స్క్రూ చుట్టూ కుందాలో ఒక చిన్న స్టీల్ గొట్టం ఉండాలి. చేతులు మారిన రైఫిళ్ళలో అది పోయి ఉంటుంది, లేదా చెక్క కుంచించుకుపోయిందని ఎవరో రాకి పొట్టి చేసి ఉంటారు. అది లేకపోతే స్క్రూ బిగించేకొద్దీ చెక్క నలుగుతుంది, తోక కిందికి వంగుతుంది. రెండోది మ్యాగజీన్ పెట్టె. ట్రిగ్గర్ గార్డుతో కలిసి ఉండే ఆ పెట్టె పై అంచు రిసీవర్‌కు తగలకూడదు, అర మిల్లీమీటర్ అయినా ఆట ఉండాలి. చెక్క ఎండి మందం తగ్గితే పెట్టె పైకి వచ్చి రిసీవర్‌ను ఆనుకుంటుంది. అప్పుడు మీరు స్క్రూలతో బిగిస్తున్నది యాక్షన్‌ను పెట్టె మీదికి, కుందాలోకి కాదు. పెట్టె అంచున కాటుక పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇక బెడ్డింగ్. ఇది ఆగస్టులో చేయించొద్దు. ఉబ్బిన చెక్కలో పోత పోస్తే జనవరికి కొలతలన్నీ మారతాయి. కుందాను యాక్షన్ నుంచి విడదీసి, ఎండలో కాకుండా గాలి ఆడే గదిలో దసరా దాటేదాకా ఉంచి, చలికాలంలో చేయించండి. ముందు పాత నూనె సంగతి చూడాలి. తుపాకీని మూతి పైకి పెట్టి నిలబెట్టే ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి నూనె కిందికి దిగి తోక దగ్గర చెక్క నల్లగా, మెత్తగా అయిపోతుంది. అక్కడ ఎపాక్సీ అంటదు. సుద్ద పొడిని అసిటోన్‌తో ముద్ద చేసి పూసి ఆరనిస్తే పొడి నూనెను పీలుస్తుంది. పొడి తెల్లగానే మిగిలేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. అసిటోన్ ఆవిరి మంట అంటుకుంటుంది, కిటికీలు తెరిచి, పొయ్యికీ సిగరెట్‌కూ దూరంగా. గోరు గుచ్చితే దిగేంత మెత్తబడిన చెక్కను మాత్రం ఉలితో తీసేయడమే.

ఎపాక్సీ ఎంపికలో మన ఎండ లెక్కలోకి వస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడే మామూలు ఎపాక్సీలు 50-60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో తలుపులు మూసిన కారులో అంత వేడి మామూలే. అందుకని స్టీల్ పొడి కలిసిన, వేడిని తట్టుకునే ఇంజనీరింగ్ ఎపాక్సీ, డెవ్‌కాన్ ప్లాస్టిక్ స్టీల్ లాంటిది, తీసుకోవాలి. ఐదు నిమిషాల్లో అతికే ఆరల్డైట్ దీనికి పనికిరాదు, మెత్తగా ఉంటుంది, యాక్షన్ దించేలోపే గట్టిపడుతుంది. పైపులకు పెట్టే ఎం-సీల్ అంతకంటే పనికిరాదు. అది పారదు, సందుల్లోకి దిగదు, రికాయిల్‌కు పొడి అవుతుంది. 50 గ్రాములు కలిపితే ఒక మౌజర్‌కు సరిపోయి కొంచెం మిగులుతుంది. డబ్బా మీద ఉన్న నిష్పత్తిని కంటితో కాకుండా 0.1 గ్రాము చూపించే త్రాసు మీద తూచాలి. వేడి పది డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే టైం దాదాపు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఇచ్చేది 35 దగ్గర 20 నిమిషాలే ఇస్తుంది.

రిసీవర్ అడుగున, లగ్ వెనక 2 నుంచి 3 మి.మీ. చెక్క తీయాలి. మొత్తం తీసేస్తే యాక్షన్ ఎంత లోతు దిగాలో తెలియదు కాబట్టి, ఎత్తు నిలబెట్టడానికి అక్కడక్కడా పాత చెక్క ముఖం చిన్న దిబ్బలుగా వదలాలి. వెనక స్క్రూకు పోయిన గొట్టం బదులు సరైన పొడవు పిల్లర్ (లోహపు గొట్టం) చేయించాలి. బయట 14 మి.మీ., లోపల 7.5 మి.మీ. ఉంటే క్వార్టర్ అంగుళం స్క్రూ గోడకు తగలకుండా పోతుంది. స్క్రూ గోడకు తగిలితే రికాయిల్ దాని మీద పడుతుంది. మౌజర్‌లో ముందు స్క్రూ రికాయిల్ లగ్‌లోకే బిగుస్తుంది. అందుకే వేరే రైఫిళ్ళకు చెప్పే "లగ్ అడుగున ఖాళీ వదులు" అనే మాట దీనికి అలాగే వర్తించదు. ఇక్కడ లగ్ అడుగు పిల్లర్ మీదో, గట్టి పోత మీదో ఆనాలి. ముందు ముఖానికి, రెండు పక్కలకూ మాత్రం రెండు పొరల ఇన్సులేషన్ టేపు వేసి ఖాళీ ఇవ్వాలి. వెనక ముఖానికి టేపు వెయ్యకూడదు, అదే రికాయిల్ మోసేది. ఈ టేపు మర్చిపోతే లగ్ నాలుగు వైపులా బిగుసుకుపోయి, యాక్షన్ తీసి పెట్టిన ప్రతిసారీ అంచుల పోత రాలుతుంది.

పోత లోపలికి పోకూడని చోట్లన్నీ, ట్రిగ్గర్ కోత, మ్యాగజీన్ నోరు, స్క్రూ రంధ్రాలు, పిల్లలు ఆడుకునే ప్లాస్టిసిన్‌తో పూడ్చాలి. తర్వాత మైనం. రంగు లేని బూటు పాలిష్ పలుచగా పూసి, ఆరాక గుడ్డతో రుద్ది, అలా మూడుసార్లు. స్క్రూ మరలకు, తలలకు, టేపు అంచులకు కూడా. అంటకుండా వదిలేసిన గోరంత చోటు చాలు, కుందా కోసి యాక్షన్ బయటికి తీయాల్సి రావడానికి. బ్యారెల్‌కు ఫోర్ఎండ్ చివర టేపు చుట్టలు వేసి గాడి మధ్యలో నిలబెట్టాలి. బ్యారెల్ మొదటి 25 నుంచి 40 మి.మీ. కింద పోత ఉండొచ్చు, ఆ తర్వాత మూతి దాకా ఏదీ తగలకూడదు.

దించేటప్పుడు అసలు మెళకువ ఉంది. స్క్రూలను పూర్తిగా బిగించి వదిలితే, వంగిన యాక్షన్ ఆకారమే పోతలో అచ్చు పడుతుంది. సైకిల్ ట్యూబ్ కోసి పట్టీలు చేసి యాక్షన్ మీద, కుందా మీద చుట్టి నెమ్మదిగా కిందికి లాగనివ్వాలి. స్క్రూలు దారి చూపడానికి మాత్రమే, వేళ్ళతో తిప్పినంత. అంచున ఉబికి వచ్చిన దాన్ని వెనిగర్‌లో ముంచిన కాటన్ బడ్‌తో అప్పుడే తుడిస్తే పోతుంది. 24 గంటలు కదపొద్దు, చలికాలంలో అయితే 36 గంటలు. తీసేటప్పుడు నిట్టనిలువునా. రాకపోతే సుత్తి ఎత్తొద్దు, గంటన్నర ఫ్రీజర్‌లో పెడితే ఉక్కు, ఎపాక్సీ వేర్వేరుగా కుంచించుకుని టక్కున ఊడతాయి. లోపల బియ్యపు గింజంత గాలి బుడగలు కనిపిస్తే మళ్ళీ కొంచెం కలిపి పూడ్చవచ్చు. లగ్ వెనక ముఖంలో పెద్ద గుంట ఉంటే ఆ భాగం మళ్ళీ పొయ్యాలి.

చివరగా గాడి, కోతలు, బట్ ప్లేటు వెనక ముఖం అన్నిటికీ పలుచన చేసిన పాలియురెథేన్ రెండు పూతలు. మొదటిది చెక్క తాగేస్తుంది. ఈ ఒక్క పని మూడు గంటలది, బెడ్డింగ్ చేయించినవాళ్ళు కూడా సగం మంది వదిలేస్తారు. తిరిగి బిగించేటప్పుడు రైఫిల్‌ను బట్ మీద నిలబెట్టి, యాక్షన్‌ను కిందికి నొక్కితే లగ్ తన ముఖానికి ఆనుకుంటుంది. అప్పుడు ముందు స్క్రూ, తర్వాత వెనకది. పిల్లర్లు ఉంటే 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు, వట్టి చెక్క అయితే 4 నుంచి 4.5 చాలు. తర్వాత డయల్ గేజ్ మళ్ళీ పెట్టి చూడండి. ఆర్మరర్ పనికి సర్టిఫికెట్ అదే.

ఒక మినహాయింపు. సన్నని తేలిక బ్యారెల్ ఉన్న కొన్ని స్పోర్టర్లు పూర్తిగా వదిలేస్తే చిన్నబుచ్చుకుని, ఫోర్ఎండ్ చివర రెండు మూడు కిలోల ఒత్తిడి ఇస్తే మంచి గ్రూప్ ఇస్తాయి. బెడ్డింగ్ అయ్యాక కూడా తృప్తి లేకపోతే, ఫోర్ఎండ్ చివర బ్యారెల్ కింద సరిగ్గా మధ్యలో ప్లాస్టిక్ కార్డు ముక్కలు పేర్చి ఒక గ్రూప్ కాల్చి చూడండి. మెరుగైతే ఆ చోట చిన్న ఎపాక్సీ దిమ్మె పెట్టించుకోవచ్చు.

క్రౌన్ పరీక్ష సులువు, మీరే చెయ్యొచ్చు. బోల్ట్ తీసి, చాంబర్ ఖాళీ అని చూసుకుని, కాటన్ బడ్‌ను బ్యారెల్ మూతిలో పెట్టి లోపలి నుంచి బయటికి చుట్టూ లాగండి. పోగు చిక్కుకున్న చోట బిరుసు (లేచిన గరుకు అంచు) ఉంది. మూతి వైపు నుంచి కడ్డీ పెట్టి శుభ్రం చేసే అలవాటు ఉన్న రైఫిళ్ళలో గాడులు ఒక పక్క అరిగిపోయి ఉంటాయి, భూతద్దంతో చూస్తే కనిపిస్తుంది. తూటా బయటికి వచ్చే క్షణంలో వాయువు ఒక పక్క ముందు తప్పించుకుంటే తూటా తోక ఒరుగుతుంది. చిన్న బిరుసు అయితే గుండ్రటి తల ఉన్న ఇత్తడి స్క్రూ, 400-600 నంబరు వాల్వ్ గ్రైండింగ్ పేస్టుతో నెమ్మది డ్రిల్ మీద నిమిషం రెండు నిమిషాల్లో ఆర్మరర్ తీసేస్తాడు, బ్యారెల్ లోపలికి పేస్టు పోకుండా గుడ్డ కుక్కి. అరుగుదల లోతుగా ఉంటే లేతు మీద, బ్యారెల్ లోపలి రంధ్రాన్ని కేంద్రంగా పట్టి కొత్తగా కొట్టాలి. బయటి చుట్టుకొలతను పట్టి తిప్పితే పని చెడుతుంది, ఎందుకంటే పాత బ్యారెళ్ళలో రంధ్రం సరిగ్గా నడిమధ్యన ఉండదు.

బ్యారెల్ లోపల రాగి పేరుకుందా అన్నది ఇంకో సంగతి. అమోనియా ఉన్న సాల్వెంట్ పట్టించిన గుడ్డ ముక్క నీలం-ఆకుపచ్చగా వస్తే రాగి ఉన్నట్టు. రంగు రావడం ఆగేదాకా చెయ్యండి, ఎప్పుడూ చాంబర్ వైపు నుంచి, బోర్ గైడ్ పెట్టి, ముక్కలు లేని ఒకే కడ్డీతో. సాల్వెంట్‌ను రాత్రంతా వదిలెయ్యకండి. పాత సైనిక తూటాల ప్రైమర్లలో (తూటా అడుగున మొదట పేలే బిళ్ళలు) పొటాషియం క్లోరేట్ ఉంటుంది, దాని ఉప్పు నూనెతో పోదు. వేడి నీళ్ళు పోసి, ఆరబెట్టి, అప్పుడు నూనె. మన వానాకాలంలో ఒక్క రాత్రి ఆగినా బ్యారెల్ లోపల తుప్పు కనిపిస్తుంది.

లగ్గులు, హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికి, చాంబర్‌లో తూటా ఆనే చోటుకు మధ్య దూరం), ట్రిగ్గర్ గురించి ఎక్కువ చెప్పను, వీటిలో కలగజేసుకోకపోవడమే చాలాసార్లు మంచిది. మౌజర్ 98 లగ్గుల మీద గట్టి పొర పలుచనిది, లోపలి ఉక్కు మెత్తనిది. లగ్గులు రెండూ ఆనడం కోసం పేస్టు పెట్టి రుద్దుతూ పోతే ఆ పొర పోతుంది, హెడ్‌స్పేస్ పెరుగుతుంది. వెనక ఉన్న మూడో లగ్ భద్రత కోసం మాత్రమే, అది ఆనకూడదు. .30-06 గో గేజ్ (దీని మీద బోల్ట్ మూసుకోవాలి) 49.28 మి.మీ., నో-గో (దీని మీద మూసుకోకూడదు) 49.43 మి.మీ. నో-గో మీద బోల్ట్ మూసుకుంటే ఇక అక్యురసీ మాట పక్కన పెట్టి కాల్చడం ఆపండి. ట్రిగ్గర్ సియర్‌ను (సూదిని పట్టి ఉంచే కొక్కెం) ఇంట్లో నూనె రాయి మీద రుద్దడం ఎవరు చెప్పినా వినొద్దు. బోల్ట్ గట్టిగా మూసినప్పుడు దానంతటదే కొట్టుకునే రైఫిల్ తయారవుతుంది. బోల్ట్ లోపల ఎండిన గ్రీజు తీసి పొడిగా ఉంచడం మాత్రం తప్పక చెయ్యండి. ప్రైమర్‌ను కొట్టే సూది వేగం తగ్గితే ప్రైమర్ ఒక్కోసారి ఒక్కోలా పేలి తూటాలు నిలువునా చెదురుతాయి.

తూటాలు సొంతంగా నింపుకోవడానికి మన లైసెన్స్ ఒప్పుకోదు కాబట్టి మిగిలింది ఫ్యాక్టరీ తూటాల్లో ఏది సరిపోతుందో చూడటమే. వేర్వేరు బరువులవి, దొరికితే వేర్వేరు లాట్లవి (ఒకే విడతలో తయారైనవి ఒక లాట్) ఒక్కో గ్రూప్ కాల్చి, బాగున్న లాట్ కోటా మేరకు తీసి పెట్టుకోండి. .22 కాల్చేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 10.4 మి.మీ. మాత్రమే, అక్కడ లాట్ తేడా బెడ్డింగ్ తేడా కంటే పెద్దగా కనిపిస్తుంది. .22కు చెక్క కుందా అయితే యాక్షన్ స్క్రూలు 2.5 నుంచి 3 న్యూటన్ మీటర్లు దాటొద్దు.

ఇదంతా చదివి ఇషాపూర్ .315 రైఫిల్ ఉన్నవాళ్ళు అదే పద్ధతి మొదలుపెట్టొద్దు. అది లీ-ఎన్‌ఫీల్డ్ తరహా. లగ్గులు వెనక ఉంటాయి, కుందా రెండు ముక్కలు, రికాయిల్‌ను ఫోర్ఎండ్ వెనక భాగంలో రిసీవర్‌కు ఆనే రెండు ముఖాలు మోస్తాయి. దానికి చూడాల్సింది ఆ రెండు ముఖాలూ సమానంగా ఆనుతున్నాయా, నూనె తాగి మెత్తబడ్డాయా అన్నది, ముందు స్క్రూ చుట్టూ ఉండే గొట్టం సరైన పొడవు ఉందా అన్నది. ఫోర్ఎండ్ విప్పకుండా బట్ లోపలి పొడవాటి బోల్టును తిప్పొద్దు. పాత నంబర్ 1 నమూనాలో ఆ బోల్టు చతురస్రపు కొన ఫోర్ఎండ్‌లోని పలకలో దూరి ఉంటుంది, తిప్పితే ఫోర్ఎండ్ వెనక నుంచి చీలుతుంది. ముందు ఫోర్ఎండ్ తీయాలి, తర్వాతే బట్. బిగించేటప్పుడు దీనికి తలకిందులు: బట్ బిగించి, బోల్టు కొన చదును సరైన దిక్కుకు ఉందో లేదో చూసి, అప్పుడు ఫోర్ఎండ్ ఎక్కించాలి.